మీ ఇంట్లో నేను, మా ఇంట్లో నువ్వు

నీ ఇల్లు, హుర్రియా
బాగ్దాద్, జనవరి 2007

ఖౌలా,

నీ ఇంట్లో కూర్చుని, మా ఇంట్లో ఉన్న నీకే ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి రోజొకటి వస్తుందని టీచర్ల గదిలో ఎవరైనా అని ఉంటే, మనిద్దరం కలిసి ఆ మనిషిని పిచ్చాసుపత్రిలో చేర్పించేవాళ్ళం.

ఇల్లు క్షేమం. గరిటెలు ఎక్కడ దాచావో కనిపెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. భూగోళం చెప్పే మనిషివి, నీ వంటింట్లో ఏ దేశం ఎక్కడుందో నీకైనా తెలుసా?

పోయిన నెల నాకు కవర్లో తూటా పంపారు. నీ గేటు మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టారు. నేను షియా మనిషినని మా సున్నీల వీధికీ, నువ్వు సున్నీ మనిషివని మీ షియాల వీధికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఒకే బడిలో జుట్టు నెరిసేదాకా పాఠాలు చెప్పాం, ఆ సంగతి మనకి మాత్రం గుర్తు రాలేదు. పొట్టి చేతుల చొక్కాలు, స్కర్టులు వేసుకుని తిరిగేవాళ్ళం. ఏ మసీదుకి వెళ్తావని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ముందుగదిలో ఆ అధ్యక్షుడి ఫొటో ఉందా లేదా అన్నదొక్కటే అడిగేవాళ్ళు. నీ గోడ మీద ఆ ఫొటో తీసేసిన చోటు ఇంకా తెల్లగానే ఉంది, మేకు కూడా అలాగే ఉంది.

ఫోన్ చెయ్యమన్నావు. నాకు చేతకాదమ్మా. ఇన్నేళ్ళూ ఆ ఫోన్లో 'బాగున్నాం, మీరు బాగున్నారా' తప్ప వేరే మాట అనలేదు. ఇప్పుడు వినేవాళ్ళు లేరంటున్నారు గానీ నా నోటికి ఆ సంగతి తెలియదు. మన పాత విద్యార్థిని తెరీజా నర్సు కదా, క్రైస్తవుల పిల్ల కాబట్టి రెండు వైపులా పోనిస్తున్నారు. ఆమె బ్యాగులో పంపుతాను.

ఒక్క విషయం. బయల్దేరే హడావుడిలో చెప్పాను, నువ్వు తలూపావు, కానీ మీ ఆయన మొహం చూశాను. వీధి గేటుకి గడియ పెట్టొద్దు. తోస్తే తెరుచుకోవాలి. నా కొడుకు ముహన్నద్‌ని తీసుకెళ్ళి పదహారేళ్ళు. 'మీ వాడు తూర్పు సరిహద్దు దాటి పారిపోయాడు, మమ్మల్నడుగుతావేంటి' అన్నారు ఆ ఆఫీసుల్లో. శవం ఇవ్వలేదు, చచ్చిపోయాడని కాగితమూ ఇవ్వలేదు. పారిపోయినవాడు తిరిగి రావచ్చు కదా. వాడికి తెలిసిన ఇల్లు అదొక్కటే. వాడే రావచ్చు, వాడి కబురు తెలిసినవాళ్ళెవరైనా రావచ్చు. ఎవరు తలుపు కొట్టినా తీయి. ఇంకేమీ అడగను నిన్ను.

బతూల్


నీ ఇల్లు, అమీరియా
ఫిబ్రవరి

బతూలక్కా,

నీ ఇంట్లో ప్రతి డబ్బా మీదా పేరు రాసి ఉంది. 'ఉప్పు' అని రాసిన డబ్బాలో నిజంగానే ఉప్పుంది. నాకు భయమేసింది.

గేటు సంగతి. మా ఆయన, అదే అబూ ఉమర్, మొదటి రోజే యుద్ధం మొదలుపెట్టాడు. "వీధి వీధంతా రెండేసి గడియలు వేసుకుంటుంటే మనం బార్లా తెరిచి కూర్చోవాలా? మన అబ్బాయిని, ఉమర్‌ని, ఎవడైనా ఎత్తుకుపోతే ఆవిడ తెచ్చిస్తుందా?" అన్నాడు. "ఆవిడ కొడుకుని ఎత్తుకుపోయారు కాబట్టే అడుగుతోందండీ" అన్నాను. ఆయన లేచి, ఖాళీ గ్యాస్ సిలిండరొకటి దొర్లించుకెళ్ళి గేటు వెనక నిలబెట్టొచ్చాడు. తోస్తే తెరుచుకుంటుంది, కాకపోతే చప్పుడవుతుంది. నీ మాటా దక్కింది, ఆయన మాటా దక్కింది.

ఆ సిలిండరు కథ విను. పోయిన వారం అమెరికా వాళ్ళు సోదాకి వచ్చారు. పక్కింటి గేటు పేల్చేశారు. మనదానికి గడియ లేదు కాబట్టి ఊరికే తోశారు. సిలిండరు పడి ధన్‌మని దొర్లేసరికి బాంబనుకుని, ఇనప టోపీలతో సహా అందరూ నీ పూలమొక్కల్లో బోర్లా పడ్డారు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదులే. ముసుగేసుకున్న దుబాసీ ఒకడు ఉమర్‌ని గోడకి తిప్పి నిలబెట్టి, "పేరు? గడ్డం ఎందుకు పెంచావు?" అని అరిచాడు. గీసుకుంటే ఈ వీధిలో తుపాకులు పట్టుకు తిరిగేవాళ్ళు చంపుతారు, మంగలి షాపులన్నీ మూయించారు. పెంచితే వీళ్ళు పట్టుకుపోతారు. పాపం వాడికి ఉన్నవే నాలుగు వెంట్రుకలు. ఆ నాలుగింటి కోసం ఇంతమంది కొట్లాట.

అలిసిపోయానక్కా. కరెంటు రోజుకి గంట, నీళ్ళు అదీ లేదు. వెళ్ళి బ్రెడ్డు తెచ్చుకోవడమే ఒక సాహసం. నిజం చెప్పనా, ఒక్కోసారి ఆ పాత రోజులే నయమనిపిస్తోంది. అప్పుడు ఎవరికి భయపడాలో తెలిసేది. నోరు మూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు మూసుకున్నా చస్తాం, తెరిచినా చస్తాం.

నీ నారింజ చెట్టు పూత మీదుంది.

ఖౌలా


నీ ఇల్లు, హుర్రియా
మార్చి

ఖౌలా,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది. వెంటనే జవాబు రాసి ఉంటే మన స్నేహం అక్కడితో సరి. చల్లారేదాకా ఆగాను.

నోరు మూసుకుంటే సరిపోయేదని రాశావు. మా వాడు నోరు మూసుకునే ఉన్నాడమ్మా. కర్బలాలో వాళ్ళ పిన్ని ఇంట్లో అన్నం తింటున్నాడు. ఆ ఊళ్ళో తిరుగుబాటు జరిగిందని, వీధిలో కుర్రాళ్ళందర్నీ లారీ ఎక్కించారు. చెయ్యి కూడా కడుక్కోనివ్వలేదట. నోరు మూసుకున్నది మనం. మనకి సరిపోయింది. ఆ తర్వాత టీచర్ల గదిలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. నువ్వొక్కదానివే వచ్చి కూర్చున్నావు, అది చచ్చేదాకా మరచిపోను. కానీ నువ్వు కూడా వాడి పేరెత్తలేదు. పాలక పార్టీ మనిషి వింటోందని ఎత్తలేదు. తప్పు పట్టడం లేదు, నేనే ఎత్తలేదు. ఏడవాలంటే స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. ద్రోహి కోసం ఏడిస్తే తల్లి కూడా ద్రోహే కదా.

అలాగని ఇప్పుడేదో స్వర్గంలో ఉన్నామని అనను. మొన్న ఆఫీసు వాళ్ళు వచ్చారు. ఇక్కడ ఆఫీసంటే ఏమిటో నీకు వేరే చెప్పాలా, నిన్ను వెళ్ళగొట్టిన మా షియా దళం, నల్ల చొక్కాల వాళ్ళే. ముందు నిలబడ్డ గడ్డపాయన నన్ను చూసి తడబడ్డాడు. మన సుఆద్ కొడుకట! ఎంత కొట్టుకున్నా భిన్నాలు బుర్రకెక్కని సుఆద్.

"టీచరమ్మా, ఈ ఇల్లు సున్నీలది కదా. మీకెవరిచ్చారు?" అన్నాడు.

"మీ అమ్మకి లెక్కలు చెప్పినందుకు దేవుడిచ్చాడు."

నవ్వలేదు. ఈ కాలం పిల్లలకి నవ్వు రాదు. "ఖాళీ అయిన ఇళ్ళన్నీ ఆఫీసు కిందకొస్తాయి. అమరుల కుటుంబాలకిస్తున్నాం. మీ ఇంట్లో అమరులున్నారా?"

"మా అబ్బాయిని పాత ప్రభుత్వం పట్టుకుపోయింది."

"పోయాడా?"

"రాలేదు."

"పోయాడా, రాలేదా, ఏదో ఒకటి చెప్పండి పెద్దమ్మా. రాలేదంటే మేమేం చేస్తాం? పోయాడంటే వాడి పేరుతో గేటుకి నల్ల బ్యానరు కట్టండి. అమరుడి తల్లి ఇంటి జోలికి ఎవరూ రారు. లేకపోతే ఈ ఇంటి కోసం చాలామంది కాచుకుని ఉన్నారు."

పోతూ పోతూ ఒక తలపాగా పెద్దమనిషి ఫొటో ఇచ్చి, ముందుగదిలో పెట్టుకోమన్నాడు. నీ పాత మేకుకే తగిలించాను.

ఈ ఇల్లు వాళ్ళ చేతిలో పడితే నీకు తిరిగి రావడానికి చోటుండదు. అది నాకు తెలుసు. కానీ బతికున్నవాడి పేరు ఆ నల్లగుడ్డ మీద ఎలా రాయించను? నాలుగు రోజులు గడువడిగాను. అక్కడికి ఎవరైనా వచ్చారా? తలుపు కొట్టారా? రెండు ముక్కలు రాయి.

బతూల్


నీ ఇల్లు, అమీరియా
మార్చి

అక్కా,

నీకు కోపమొచ్చిందంటే తప్పు నాదే. అలా రాయకుండా ఉండాల్సింది.

ఎవరూ రాలేదు.

మేం క్షేమం. ఉమర్ చదువుకుంటున్నాడు. తెరీజా తొందరపడుతోంది, ఇంతటితో ఆపుతాను. ఇంటి గురించి దిగులు పెట్టుకోకు, పోతే పోయింది. నువ్వు జాగ్రత్త.

ఖౌలా


నీ ఇల్లు, హుర్రియా
ఏప్రిల్

ఖౌలా,

బ్యానరు కట్టేశాను.

గుడ్డ రాసే ఆయన దుకాణం ముందు వరస. నా వంతొచ్చేసరికి ఆయన తలెత్తకుండానే, "ఎలా పోయాడమ్మా? పేలుడా, తుపాకీయా, రోడ్డు మీద దొరికాడా?" అని అడిగాడు. మూడింటికీ మూడు రకాల మాటలు సిద్ధంగా ఉన్నాయి ఆయన దగ్గర. నా దానికి మూడూ అతకలేదు. "పాత ప్రభుత్వం" అన్నాను. అప్పుడు కుంచె పక్కన పెట్టి నా మొహం చూశాడు. "ఆ మాటలు రాసి చాలా కాలమైంది తల్లీ. మొదట్లో, ఆ ప్రభుత్వం పడిపోయి శవాల గోతులు తవ్విన రోజుల్లో బాగా రాసేవాణ్ణి. ఉండు, గుర్తు తెచ్చుకోనీ" అన్నాడు.

ఇప్పుడు నీ గేటుకి నల్లగుడ్డ మీద పసుపు అక్షరాలతో 'అమరుడు ముహన్నద్' అని వేలాడుతోంది. సుఆద్ కొడుకు చూసి తలూపి వెళ్ళాడు. నీ ఇల్లు నీకుంది.

ఆ గుడ్డ కింద నుంచి వెళ్ళి వచ్చినప్పుడల్లా తల వంచుకుని పోతున్నాను. కన్నతల్లిని, నా నోటితో నేనే వాణ్ణి చంపేశాను. రేపు వాడొచ్చి చూస్తే, "ఒరేయ్, ఖౌలా పిన్ని ఇల్లు నిలబెట్టడానికి అలా అన్నానురా" అని చెప్తాను. వాడికి కోపం రాదు, నవ్వుతాడు. అక్కడ గేటు తెరిచి ఉంది, ఎవరూ రాలేదు. కాబట్టి ఇక్కడ రాసింది అబద్ధం. అంతే కదా?

బతూల్


నీ ఇల్లు, అమీరియా
మే

అక్కా,

కాదు. అది అబద్ధం కాదు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రోజూ తీసి చదివి మళ్ళీ దాచుకుంటున్నాను. ఇవాళ రాసేస్తున్నాను.

మార్చి మొదట్లో ఒకాయన వచ్చాడు. మధ్యాహ్నం పూట. అబూ ఉమర్ బజారుకెళ్ళాడు, ఉమర్ లోపల ఉన్నాడు. గేటు తోసిన చప్పుడు, సిలిండరు గీసుకున్న చప్పుడు వినపడ్డాయి. పరుగెత్తుకెళ్ళి గేటుకి భుజం ఆనించి నిలబడ్డాను. నువ్వు తీయమన్నావు. నేను నెట్టి పట్టుకున్నాను.

"బతూల్ టీచరుగారి ఇల్లేనా?" అని బయటి నుంచి.

"కాదు. ఆ పేరు గలవాళ్ళెవరూ లేరిక్కడ" అన్నాను.

"నీలం గేటు, లోపల నారింజ చెట్టు. ఇదే కదా."

"తెలీదని చెప్పానా? వెళ్ళు."

షియా టీచరు ఎక్కడికి పోయిందో కూపీ తీయడానికి వచ్చాడనుకున్నాను. ఎవడొచ్చి ఫలానావాళ్ళు తెలుసా అని అడిగినా తెలియదనడం మనకి ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటే కదా. ఆలోచించే పని లేకుండానే నోరు ఆ మాట అనేసింది.

అతను తిట్టలేదు. "సరే తల్లీ, తీయొద్దు. ఈ రోజుల్లో తీయకపోవడమే మంచిది. నేను ఈ తలుపుకే చెప్పి పోతాను" అన్నాడు. రమాదీ యాస, మావాడే, సున్నీ మనిషే. గేటు సందులోంచి ఒక చెయ్యి మాత్రం కనపడింది. రెండు వేళ్ళకి గోళ్ళు లేవు.

తొంభై అయిదులో వాళ్ళ ఊళ్ళో గొడవలైనప్పుడు పట్టుకొచ్చారట. మన ఊరికి పడమటనున్న ఆ పెద్ద జైల్లో, ముహన్నద్ ఉన్న గదిలోనే పడేశారట. "నాకు చదువు రాదు. ఆ పిల్లాడు చెంచా కాడతో నేల మీద గీసి భాగహారం నేర్పాడు. 'మా అమ్మ ఇలాగే చెప్పేది, తప్పు చేస్తే మళ్ళీ మొదట్నుంచి చేయించేది' అనేవాడు. నా చేతా అలాగే చేయించేవాడు, సన్నాసి" అన్నాడు. అంటూ నవ్వాడక్కా, గేటు అవతల నిలబడి. తొంభై ఆరు చలికాలంలో ఊపిరితిత్తులు పాడయ్యాయట. దగ్గు. చివరి రోజు జ్వరంలో ఈ ఇంటి దారి చెప్తూనే ఉన్నాడట, నీలం గేటు, నారింజ చెట్టు అని. గదిలో వాళ్ళంతా వాడికి చివరి ప్రార్థన, జనాజా నమాజు, మనసులోనే చదివారట. పైకి చదివితే కొట్టేవాళ్ళట.

"విడిచిపెట్టగానే వద్దామనుకున్నాను, యుద్ధం వచ్చింది. తర్వాత అమెరికా వాళ్ళు నన్ను పట్టుకెళ్ళి మళ్ళీ అదే జైల్లో పడేశారు. గోడలకి సున్నం కొట్టారు, అదొక్కటే తేడా" అన్నాడు. "ఆమె నీకు తెలిస్తే చెప్పు. తెలియకపోతే పోనీ, నా బరువు దిగింది" అన్నాడు.

సిలిండరు పక్కకి లాగి తీసేసరికి వీధి మలుపు దగ్గరున్నాడు. పిలవలేదు. అక్కడ తుపాకుల వాళ్ళు నిలబడి ఉన్నారు. పేరైనా అడగలేదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి గుక్కెడు నీళ్ళివ్వలేదు.

నీకెలా చెప్పను? ఆ గేటు మీద ఆశతోనే నువ్వు బతుకుతున్నావు. ఇల్లు పోతే పోయిందని రాసింది అందుకే. నీ చేత ఆ గుడ్డ కట్టించడం ఇష్టం లేక. తిట్టు. ఉత్తరాలు మాత్రం మానేయకు, జవాబు రాయి.

ఖౌలా


నీ ఇల్లు, హుర్రియా
జూన్

ఖౌలా, నా చెల్లీ,

తిట్టను. ఓపిక లేదు, పైగా నేనూ నీతో నాటకమాడాను.

ఉల్లిపాయ దొరక్కపోతే దాని మీద ఒక పేజీ రాసే మనిషివి నువ్వు. 'ఎవరూ రాలేదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. చదవగానే ఎవరో వచ్చారని తెలిసిపోయింది. మంచి కబురైతే తెరీజా కంటే ముందు నువ్వే పరుగెత్తుకొచ్చేదానివని కూడా తెలిసిపోయింది. అడుగుదామంటే అడగలేకపోయాను. జవాబు తెలిసి కూడా క్లాసంతా నోరు మెదపకపోతే నేనేం చేసేదాన్నో నీకు గుర్తుందా? కావాలని తప్పు జవాబు బోర్డు మీద రాసేదాన్ని. ఎవరో ఒకరు ఉండబట్టలేక "కాదు టీచర్" అనేవాళ్ళు. పోయిన ఉత్తరంలో నీకు రాసింది అదే. ఇల్లు నిలబెట్టాలన్నదీ నిజమే, నీ చేత 'కాదు' అనిపించాలన్నదీ నిజమే. అయినా ఎక్కడో ఓ మూల, నువ్వు "అవునక్కా, అబద్ధమే" అని రాస్తావేమోనని చూశాను. రాసి ఉంటే నమ్మేసేదాన్ని.

అయిదేళ్ళు బతికే ఉన్నాడు ఖౌలా. మనం పిల్లల్ని పిక్నిక్కుకి తీసుకెళ్ళే దారిలో, మా ఇంటికి ఒక్క బస్సు దూరంలో. సరిహద్దు దాటాడంటే నమ్మి, నేను వాడి కోసం తూర్పు వైపు చూస్తూ కూర్చున్నాను.

నీ గేటు మాట. అదే, నా గేటు. ఈ ఉత్తరం అందగానే గడియ పెట్టించు. ఒకటి కాదు, రెండు. ఇన్ని నెలలు నా కొడుకు కోసం నీ కొడుకుని వీధిలో పెట్టాను. అబూ ఉమర్‌కి నా క్షమాపణలు చెప్పు. అతను పెట్టిన సిలిండరుకి నేను కోప్పడలేదని కూడా చెప్పు. నువ్వు తలుపు తీయలేదని ఏడవకు. ఆ రోజు నేనున్నా తీసేదాన్ని కాదు, లోపల ఉమర్ లాంటి పిల్లాడుంటే.

నీ ముందుగదిలో మూడు రోజులు పరామర్శకి కూర్చున్నాను. చక్కెర లేని కాఫీ కాచాను. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చారు, ఒకరికొకరం తెలియకపోయినా. గట్టిగా ఏడ్చాను. ఇప్పుడు ఎంత గట్టిగా ఏడ్చినా ఎందుకని అడిగేవాళ్ళు లేరు.

నా పక్కన కూర్చున్నావిడ చెయ్యి పట్టుకుని, "ఎప్పుడు పోయాడక్కా? మొన్నటి బజారు పేలుడులోనా?" అంది.

"కాదమ్మా. తొంభై ఆరులో. పాత జైల్లో."

"ఓ, పాతదా" అంది. చెయ్యి వదిలేసి కాఫీ తాగింది. పక్క వీధిలో నిన్నటిది ఒకటుంది, అక్కడికి కూడా వెళ్ళాలని లేచింది. ఆమెని ఏమీ అనను. ఈ ఏడే ఇద్దర్ని పోగొట్టుకుందట. పాతవాళ్ళ కోసం ఏడవడానికి ఆమె దగ్గర ఏం మిగిలుంటుంది?

కానీ ఖౌలా, నాకు వాడు పోయింది పదకొండేళ్ళ కిందట కాదు. నీ ఉత్తరం వచ్చిన రోజున పోయాడు.

బతూల్